డెకాల్ చుట్టూ ఆ తెల్లటి మెరుపు ఎక్కడ పుట్టింది? మోడల్ విమానానికి రంగు, గుర్తులు, మరమ్మతు

1/72 స్కేల్ (అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21 మోడల్ పూర్తయి బల్ల మీద నిలబడింది. ఎదురుగా చూస్తే బాగానే ఉంది. చేతిలోకి తీసుకుని కిటికీ వైపు కాస్త వంచితే మాత్రం రెక్క మీది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయం చుట్టూ పాలపొర లాంటిది తళుక్కుమంటుంది. వలయం రంగేసినట్టు కాకుండా స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తుంది. మోడలర్లు దీన్ని సిల్వరింగ్ అంటారు.

నింద వెంటనే డెకాల్ మీదికే, అంటే నీటిలో నానబెట్టి అంటించే ఆ అచ్చు గుర్తు మీదికే పోతుంది. పాతబడిందనో, నాసిరకంగా అచ్చేశారనో అనుకుంటాం. లేదంటే డెకాల్‌ని మెత్తబరిచే మార్క్ సాఫ్టర్ ద్రవం ఇంకో రెండుసార్లు పూస్తాం. చాలాసార్లు డెకాల్‌కి ఇందులో ఏ పాపమూ తెలియదు. దాని కింద రంగు గరుకుగా ఉంది, అంతే. గరుకుదనం అంటే దగ్గరగా చూస్తే మిట్టలు, పల్లాలు. డెకాల్ ఫిల్మ్ మిట్టల మీద పరుచుకుంటుంది, పల్లాల్లో గాలి మిగిలిపోతుంది. ఫిల్మ్ గుండా లోపలికి వెళ్లిన వెలుతురు ఆ గాలి దగ్గర చెదిరి వెనక్కి వస్తుంది. అదే మెరుపు. స్నానాల గది కిటికీకి ఉండే గరుకు అద్దం మీద నీళ్లు చల్లితే తడిసిన చోట అవతలి వైపు కనిపిస్తుంది కదా. నీళ్లు పల్లాలను నింపేశాయి కాబట్టి. డెకాల్ పెట్టే ముందు కొట్టే గ్లాసీ కోటు (మెరిసే పారదర్శక పూత) చేసే పని కూడా సరిగ్గా అదే.

మరి ఆ గరుకు ఎక్కడిది? మ్యాట్ (మెరుపు లేని) రంగుకు సహజంగా ఉన్నదైనా కావచ్చు, గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చిన తుంపర దారిలోనే ఎండి పొడిలా పడినందువల్లైనా కావచ్చు. తుంపర ఎండడానికి కారణం రంగు చిక్కగా ఉండటం, లేదా మే నెల మధ్యాహ్నం గది ఎండకు కాగిపోవటం. మోడల్ మీద కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కనిపించేది పై పొరలో, పుట్టింది కింది పొరలో. కాబట్టి ఏ సీసా మూత తీయాలా అని ఆలోచించే ముందు, తప్పు ఏ పొరదో తేల్చుకోవాలి.

ప్లాస్టిక్ మీద ఏడు పొరలు

మామూలు వరుస ఇది: ప్లాస్టిక్ మీద ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత), దాని మీద అసలు రంగు, గ్లాసీ కోటు, డెకాల్, మళ్లీ గ్లాసీ కోటు, ప్యానెల్ గీతల్లోకి (విమానపు రేకుల అతుకుల్ని చూపే సన్నటి గాడుల్లోకి) వాష్, అంటే ఆ గీతలు తేలేలా పారించే పలచటి రంగు, చివర మ్యాట్ లేదా సెమీగ్లాస్ కోటు. అన్నీ కలిపినా పలచగానే ఉండాలి. ఎంత పలచగా అన్నది స్కేలు లెక్క చెబుతుంది. అసలు మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 1/72లో అది 10 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఒక కోటు మందం 0.02 మిల్లీమీటర్లు అనుకుంటే అసలు విమానం మీద అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందపు పూత. రంగులో చిక్కుకున్న వెంట్రుక 0.07 మిల్లీమీటర్లది అయినా, అసలు విమానం మీద 5 మిల్లీమీటర్ల తాడు. మోడల్‌ని ఆరు అంగుళాల దూరం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 36 అడుగుల నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి తాడు కనిపిస్తుంది, ఒకటిన్నర మిల్లీమీటర్ల పూత ప్యానెల్ గీతల్ని పూడ్చేసిందనీ తెలుస్తుంది.

ఉదాహరణకి మిగ్-21నే తీసుకోవడానికి కారణం ఉంది. 1963లో భారత వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న ఈ విమానం దాదాపు అన్ని రకాల పూతల్లోనూ కనిపించింది. బూడిద రంగు బైసన్‌కు (ఆధునికీకరించిన మిగ్-21 రకానికి) రంగు వేయడం సులువు. 1971 నాటి మిగ్-21ఎఫ్ఎల్ మాత్రం వెండిలా మెరిసే లోహపు ఒళ్లు. బూడిద రంగు కప్పిపుచ్చే ప్రతి గీతనూ ఆ వెండి రంగు బయటపెడుతుంది. పొరల వ్యవహారం నేర్చుకోవడానికి ఇంతకన్నా కఠినమైన గురువు దొరకదు.

అతుకు దగ్గరే మొదలు

మిగ్-21 కిట్లలో ఒళ్లు సాధారణంగా ఎడమ, కుడి సగాలుగా వస్తుంది. అంటే వీపు మీద ఒక అతుకు, పొట్ట కింద ఒక అతుకు. ముక్కు దగ్గరి గాలి ద్వారం ఉంగరం, రెక్కల మొదళ్లు, కింద వేలాడే ఇంధన ట్యాంకు అదనం. జిగురు వేసే ముందే ముక్కల్ని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీటిలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు కొంత ముక్కల మీద ఉండిపోతుంది. తర్వాత, రంగు పడకూడని చోట వేసిన టేపు తీసినప్పుడు రంగు పొలుసులుగా లేచొస్తే, కారణం చాలాసార్లు ఈ కడగని జిడ్డే.

అతుకుని నున్నగా చేసి, ప్రైమర్ కొట్టి, రంగు వేశాక వారానికి అదే చోట సన్నటి గాడి మళ్లీ తేలుతుంది. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది జిగురు. ప్లాస్టిక్ సిమెంట్ నిజానికి అంటించదు, ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది. ఆ మెత్తబడిన భాగం గట్టిపడక ముందే రుద్దితే, తర్వాత లోపలి ద్రావకం ఎగిరిపోతూ అక్కడ కుంగుతుంది. పలచటి జిగురుకి కనీసం 24 గంటలు, చిక్కటి జిగురు ధారాళంగా వాడితే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. రెండోది పుట్టీ. ట్యూబులో వచ్చే ద్రావకపు పుట్టీ ఎండుతూ ముడుచుకుంటుంది. లోతైన సందుని ఒకేసారి నింపకుండా, పలచగా రెండు మూడు విడతల్లో నింపాలి.

ముడుచుకోని పూరకం కావాలంటే ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ జిగురు చాలు. టాల్కం పౌడర్ కలిపి ముద్దగా చేసి పెడితే రుద్దడానికి మెత్తగా వస్తుంది. గంట, రెండు గంటల్లోపే రుద్దేయాలి. మర్నాటికి అది పక్కనున్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే ప్లాస్టిక్ అరిగి జిగురు గట్టులా మిగులుతుంది.

రుద్దడానికి కారు పెయింట్ సామాను అమ్మే దుకాణంలో దొరికే వాటర్ పేపరే సరిపోతుంది. 400తో మొదలుపెట్టి 800, 1200, 2000 వరకు, నీళ్లతో. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరు. చదును రెక్కకి ఐస్‌ఫ్రూట్ పుల్లకు అంటించిన పేపరు బాగుంటుంది. గుండ్రటి ఒంటికి మాత్రం అది పనికిరాదు, వీపు మీద బల్లపరుపు చార ఏర్పడుతుంది. అక్కడ పలచటి స్పాంజి ముక్క వెనకపెట్టి రుద్దాలి. ఈ పనిలో అరిగిపోయిన ప్యానెల్ గీతల్ని గట్టి టేపు అంచుని ఆసరాగా పెట్టుకుని సూదితో మళ్లీ గీయాలి. మొదటి రెండు మూడు గీతలకు సూది బరువు తప్ప చేతి బరువు పడకూడదు. గాడి పడ్డాక కాస్త నొక్కవచ్చు.

చివరి పరీక్ష వెండి రంగు. అతుకు వెంబడి పలచగా పూసి, ఆరాక దీపం కింద అటూ ఇటూ తిప్పి చూస్తే సందు, గీత, సూదిబెజ్జం అన్నీ బయటపడతాయి. మిస్టర్ సర్ఫేసర్ 1000 లాంటి బూడిద ప్రైమర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, లోహపు పూత వేయబోయే మోడల్‌కి వెండి రంగు పరీక్ష దాటవేయకూడదు.

బలమైన ద్రావకం కింద, మెత్తనిది పైన

మోడల్ రంగుల్లో మూడు కుటుంబాలున్నాయి. వీటి ద్రావకాలకి ఒకదానికొకటి పడకపోవటమే సగం చిక్కులకి మూలం.

మొదటిది లాకర్: మిస్టర్ కలర్, తమియా ఎల్‌పీ సీసాలు, లోహపు రంగుల్లో ఆల్‌క్లాడ్. ద్రావకం ఘాటుది, ప్లాస్టిక్‌ని కాస్త కొరికి పట్టుకుంటుంది. పది పదిహేను నిమిషాల్లో ముట్టుకోవచ్చు. రెండోది అక్రిలిక్, ఇందులోనే రెండు జాతులు. తమియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాల్లోది ఆల్కహాల్‌తో పలచబడే రకం. వలేహో లాంటివి పూర్తిగా నీటి రకం. పేరొకటే అయినా స్వభావం వేరు. తమియా రంగుని దాని ఎక్స్-20ఏ థిన్నర్‌తో గానీ, లాకర్ లెవెలింగ్ థిన్నర్‌తో గానీ కలపవచ్చు, రెండోదానితో ఇంకా నున్నగా పరుచుకుంటుంది. అదే లాకర్ థిన్నర్ వలేహోలో పోస్తే కప్పులోనే రబ్బరు ముద్దలా గడ్డకట్టి, ఎయిర్‌బ్రష్ మొత్తం విప్పి కడుక్కోవాల్సి వస్తుంది. మూడోది ఎనామెల్: హంబ్రోల్ డబ్బాలు, చాలా రకాల వాష్‌లు. ఇవి టర్పెంటైన్ జాతి థిన్నర్‌తో పలచబడతాయి, ఆరడానికి రోజులు తీసుకుంటాయి.

వరుస సాధారణంగా లాకర్, దాని మీద అక్రిలిక్, ఆ పైన ఎనామెల్. తిరగేస్తే ఏమవుతుంది? పైన ఆరినట్టున్నా లోపల ఇంకా మెత్తగా ఉన్న ఎనామెల్ మీద లాకర్ పడితే, ఘాటు ద్రావకం లోపలికి దిగి కింది పొరని ఉబ్బిస్తుంది. పైపొర ముసలివాడి చర్మంలా ముడతలు పడుతుంది. ఆ ముడతలకు మందు లేదు, రుద్దేసి మళ్లీ మొదలుపెట్టడమే. ఎనామెల్ రంగు మీద నేరుగా ఎనామెల్ వాష్ పూసినా అంతే. వాష్ తుడిచే గుడ్డతో పాటే రంగూ వచ్చేస్తుంది. మధ్యలో గ్లాసీ అక్రిలిక్ కోటు ఉంటే వాష్‌లోని థిన్నర్ దాన్ని ఏమీ చేయలేదు. గ్లాసీ కోటు డెకాల్ కోసమే అనుకుంటాం గానీ, రెండు పొరల మధ్య గోడగా కూడా అదే పనిచేస్తుంది.

ఆరిందా లేదా తేల్చడానికి ముక్కు చాలు. మోడల్‌ని దగ్గర పెట్టుకుంటే రంగు వాసన వస్తోందంటే ద్రావకం ఇంకా బయటికొస్తూనే ఉంది. టేపు వేయకూడదు, పై పొర కొట్టకూడదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ గురించి ఒక మాట. చవక కాబట్టి ఎయిర్‌బ్రష్ కడగడానికి బంగారం లాంటిది. రంగులో కలపడానికి మాత్రం డబ్బా డబ్బాకీ ఘాటు మారుతుంటుంది, తడిగా పడితే ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కలపడానికి కంపెనీ థిన్నర్, కడగడానికి ఎన్‌సీ అని విడదీసుకుంటే పేచీ లేదు. ఏ లాకర్ కొట్టినా కిటికీకి ఫ్యాన్ బయటికి తిప్పి, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. అదే గదిలో పొయ్యి వెలుగుతుండకూడదు.

తుంపర చెప్పే సంగతులు

0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 18 పీఎస్ఐ పీడనం, 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరం. దీనితో మొదలుపెట్టి చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. తమియా రంగు ఒక పాలుకి థిన్నర్ ఒకటి నుంచి ఒకటిన్నర. మిస్టర్ కలర్‌కి రెండు పాళ్లు. ఎయిర్‌బ్రష్ కోసమే చేసిన వలేహోకి పది ఇరవై శాతం. పాళ్లకన్నా కన్ను నమ్మదగినది. కప్పు గోడకి రంగు ఎక్కించి వదిలితే వెన్న తీసిన పాలలా జారాలి. మీగడలా వేలాడితే చిక్కన, నీళ్లలా గోడని వదిలేస్తే పలచన.

మొదట పలచటి తుంపర, ఐదు నిమిషాలు ఆగి తడి కోటు. కొట్టిన చోట రెండు మూడు సెకన్లు తడిగా మెరిసి ఆ తర్వాత సర్దుకోవాలి. ఆ తడి క్షణాల్లోనే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసి చదును అవుతాయి. ఆ క్షణాలు చాలకపోతే బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా మిగులుతుంది. అంతకన్నా ముందే, గాల్లోనే ఎండితే గరుకు పేపరులా పొడిపొడిగా ఉంటుంది. రెంటికీ కారణాలు ఒకటే: చిక్కటి రంగు, ఎక్కువ దూరం, ఎక్కువ పీడనం, వేడి. ఆరాక 2000 నంబరు పేపరుతో నీళ్లు పెట్టి మెల్లగా రుద్ది, ఇంకాస్త పలచటి రంగుతో దగ్గర నుంచి ఒక కోటు వేస్తే పోతుంది. దీనికి వ్యతిరేక దిశలో తప్పితే, అంటే మరీ పలచగా, మరీ దగ్గరగా కొడితే, గాలి రంగుని తోసుకుపోయి సాలీడు కాళ్లలా నలువైపులా పాకిస్తుంది. ధారగా కారినదాన్ని తడిమీద ముట్టుకోకూడదు. పూర్తిగా ఆరనిచ్చి చదును చేయాలి.

ఊరిని బట్టి కూడా లోపం మారుతుంది. మే నెలలో హైదరాబాద్ పొడి ఎండలో అక్రిలిక్ ఎయిర్‌బ్రష్ సూది కొన మీదే గడ్డకట్టి, ఆ గడ్డ హఠాత్తుగా ఊడి మోడల్ మీద చుక్కై పడుతుంది. ఉదయమే పని పెట్టుకుని, నాలుగైదు చుక్కల రిటార్డర్ (రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపి, మధ్యమధ్యలో సూది కొనని తడి కాటన్ బడ్‌తో తుడుస్తుంటే సర్దుకుంటుంది. వానాకాలపు విశాఖలో ఇబ్బంది వేరు. లాకర్ ద్రావకం వేగంగా ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాల్లోని తేమ అక్కడ మంచులా పడి రంగులో ఇరుక్కుంటుంది. నల్ల రంగు కూడా బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. భయపడనక్కర్లేదు. తేమ తగ్గిన రోజు రిటార్డర్ ఉన్న లెవెలింగ్ థిన్నర్‌ని ఒట్టిగా పలచటి తుంపరగా కొడితే పొర మళ్లీ మెత్తబడి, తేమ బయటికి పోయి అసలు రంగు తేలుతుంది. ముందుజాగ్రత్తగా కంప్రెసర్ గొట్టానికి తేమని పట్టే ట్రాప్ తప్పనిసరి. లేకపోతే నీటి బొట్టే నేరుగా రెక్క మీద పడుతుంది.

రంగు ఒకచోట గుండ్రంగా వెనక్కి తగ్గి చేపకన్నులా ప్లాస్టిక్ కనిపిస్తే అది వేలి జిడ్డు, లేదా కంప్రెసర్ నూనె. పై నుంచి ఎన్ని కోట్లు కొట్టినా ఆ కన్ను మూయదు. తుడిచేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి మళ్లీ కొట్టాలి. ఇదే ఆల్కహాల్ అక్రిలిక్ రంగు మొత్తాన్ని తీసేయడానికీ పనికొస్తుంది. గోళ్లరంగు తీసే అసిటోన్ జోలికి మాత్రం వెళ్లకూడదు, ప్లాస్టికే కరిగిపోతుంది. ఒక్క దుమ్ము రేణువుకి రంగంతా పీకేసేవాళ్లున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? 2000 పేపరు చిన్న ముక్క చాలు.

టేపు అంచు కిందికి రంగు పాకకుండా ఒక చిట్కా: టేపు వేశాక ముందు కింద ఉన్న రంగునే అంచు వెంబడి ఒకసారి కొట్టాలి. పాకేదేదో అదే రంగు పాకుతుంది, సందు మూసుకుంటుంది, ఆ తర్వాత కొత్త రంగు. టేపు జిగట ఎక్కువైతే ముందు ముంజేతికి రెండుసార్లు అంటించి తీసి వాడాలి.

వెండి మిగ్ అబద్ధం ఆడనివ్వదు

లోహపు రంగుకి అడుగున నల్లటి గ్లాసీ పూత కావాలి, అదీ అద్దంలా. మెరుపంతా ఆ నలుపు నునుపు నుంచే వస్తుంది. నల్ల పూత ఒక రోజు ఆరాక ఆల్‌క్లాడ్ లాంటి లోహపు లాకర్‌ని థిన్నర్ కలపకుండా, 12 నుంచి 15 పీఎస్ఐతో, పలచగా మూడు నాలుగు తుంపరలు. తడి కోటు ఇక్కడ పనికిరాదు, మెరుపు చచ్చిపోతుంది. తోక చివర, ఇంజిన్ పొగ గొట్టం దగ్గర ప్యానెళ్లకి కాస్త ముదురు ఛాయ వేస్తే మొత్తం ఒకే రేకుముక్కలా కనిపించదు. ముక్కులోని రేడార్ శంకువు, తోక చివరి టోపీ లోహం కావు, ఎన్నో ఫోటోల్లో ఆకుపచ్చగా ఉంటాయి. రేడియో తరంగాలు దూరాల్సిన చోట లోహం ఉండదు. అన్నట్టు, హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్ఏఎల్ విభాగం 1965లో మొదలైందే మిగ్-21 ఎలక్ట్రానిక్ పరికరాల కోసం.

1971 యుద్ధ సమయంలో కొన్ని మిగ్-21ల మెరుపుని దాచడానికి పైన హడావుడిగా ఆకుపచ్చ పూశారు. అంచులు వంకర, పూత ఎగుడుదిగుడు. లోహపు పూత చెడిపోయిన మోడల్‌కి ఇది మర్యాదైన మార్గం. కాకపోతే ఆ విమానం ఫోటో ఎదురుగా పెట్టుకుని వేయాలి, లేకపోతే అది మభ్యపెట్టే రంగు కాదు, మనల్ని మనం మభ్యపెట్టుకోవడం.

డెకాల్: నీళ్లు, జిగురు, ఓపిక

నీటి డెకాల్‌లో కాగితం, దాని మీద నీటిలో కరిగే జిగురు, ఆ పైన వార్నిష్ ఫిల్మ్, అందులో సిరా ఉంటాయి. మాట వినాల్సింది ఫిల్మ్. దానికి నునుపైన నేల కావాలి. మ్యాట్ రంగు మీద తమియా ఎక్స్-22 లాంటి గ్లాసీ క్లియర్‌ని ముందు రెండు పలచటి తుంపరలు, తర్వాత ఒక తడి కోటు కొట్టి 24 గంటలు వదలాలి. దీపం ప్రతిబింబం అంచులు స్పష్టంగా కనిపిస్తే నేల సిద్ధం. మసకగా ఉంటే ఇంకో కోటు. లోహపు పూతకి ఈ అడుగు అక్కర్లేకపోవచ్చు. అది ముందే నున్నగా ఉంది, పైగా క్లియర్ కొడితే లోహం బూడిద రంగులోకి దిగుతుంది. డెకాల్ నేరుగా పెట్టి, చివర దాని మీద మాత్రం కొద్దిగా క్లియర్ వేస్తే సరిపోతుంది. అయితే సెట్టింగ్ ద్రవం లోహపు పూతని ఏమైనా చేస్తుందేమో ముందు పొట్ట కింద ఒక చుక్క వేసి చూడాలి.

డెకాల్‌ని కొత్త బ్లేడుతో, అంచు ఫిల్మ్ వీలైనంత తీసేస్తూ కోయాలి. పట్టకారుతో పట్టి గోరువెచ్చని నీటిలో ఇరవై ముప్ఫై సెకన్లు ముంచి, తడి టిష్యూ మీద రెండు నిమిషాలు ఉంచాలి. నీటిలోనే తేలనిస్తే జిగురంతా కరిగిపోతుంది. బ్రష్‌తో తాకితే జరుగుతోందంటే సిద్ధం. పెట్టబోయే చోట మార్క్ సెటర్ గానీ మైక్రో సెట్ గానీ పూయాలి. ఇది నేలని శుభ్రం చేసి అంటుకోవడానికి సాయపడుతుంది. కాగితం మీదినుంచి డెకాల్‌ని జార్చి, తడి బ్రష్‌తో స్థానంలోకి లాగి, కాటన్ బడ్‌ని మధ్య నుంచి అంచులకి దొర్లించాలి. రుద్దకూడదు, దొర్లించాలి. నీళ్లతో పాటు గాలి కూడా బయటికొస్తుంది.

పది నిమిషాలయ్యాక మార్క్ సాఫ్టర్ లేదా మైక్రో సోల్. ఇది ఫిల్మ్‌ని మెత్తబరిచి ప్యానెల్ గీతల్లోకి దించుతుంది. పూసిన నిమిషానికి డెకాల్ భయంకరంగా ముడతలు పడుతుంది. ఇక్కడే చేయి ఆగదు. ముట్టుకుంటే చిరుగుతుంది, వదిలేస్తే గంటలో అదే సాఫీ అవుతుంది. మందపు డెకాల్ అయితే రెండు మూడు విడతలు పడుతుంది. గీత మీద వంతెనలా నిలబడితే, ఆరాక గీత వెంబడి బ్లేడుతో కోసి మళ్లీ ఒక చుక్క.

మిగ్-21 ఒంటి మీద చిన్న హెచ్చరిక అక్షరాలు చాలా ఉంటాయి. ఒక పూటకి ఒక రెక్క అనుకుంటే మంచిది. తోక మీది జెండా పట్టీలకు ఎడమ, కుడి వేర్వేరు ముక్కలు ఇస్తారు. రంగుల వరుస తిరగబడకుండా కోసినప్పుడే వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

మొదటి పేరాలోని మెరుపు దగ్గరికి వద్దాం. ఇంకా పై కోటు పడకపోతే దాన్ని కాపాడవచ్చు. సన్నటి సూదితో మెరిసే చోటంతా దగ్గరదగ్గరగా గుచ్చి, పైన సాఫ్టర్ పూయాలి. ద్రవం బెజ్జాల గుండా దిగి గాలిని తరిమేస్తుంది. రెండు మూడు రోజులు రోజుకోసారి చేస్తే చాలావరకు పోతుంది. కేవలం అంచు ఫిల్మ్ మెరుస్తుంటే బ్లేడుతో అంచు కోసి టేపుతో లాగేయవచ్చు. ఎడ్యూవార్డ్ కంపెనీ కొత్త డెకాళ్లలో కొన్నింటికి ఆరాక ఫిల్మ్‌ని పూర్తిగా ఒలిచేసే వీలుంది. దేనికీ లొంగకపోతే, కింద నేల పూర్తిగా గరుకన్నమాట. డెకాల్ తీసేయడమే న్యాయం. వలయం లాంటి సరళమైన గుర్తుకి, టేపుతో గుండ్రటి మాస్క్ కోసి రంగే వేయడం ఒక్కోసారి సులువు. తెలుపు ముందు, కాషాయం తర్వాత, ఆకుపచ్చ చివర.

పాత కిట్ల డెకాళ్లది వేరే జబ్బు. పసుపు పడితే పారదర్శక కవరులో పెట్టి కిటికీ అద్దానికి లోపలివైపు రెండు వారాలు ఎండ తగిలేలా అంటిస్తే పసుపు తగ్గుతుంది. నీటిలో వేయగానే ముక్కలైపోయే రకమా కాదా అన్నది అక్కర్లేని ఒక గుర్తు మీద ముందే పరీక్షించాలి. ముక్కలవుతుంటే మిగతా షీటు మీద క్లియర్ లాకర్ పలచగా కొట్టి కొత్త ఫిల్మ్ ఇవ్వాలి. అప్పుడు ప్రతి గుర్తుని అంచు వెంబడి కోయాల్సిందే, షీటంతా ఒకే ఫిల్మ్ అయిపోతుంది కాబట్టి.

చిరిగితే కంగారు లేదు. తడిగా ఉండగానే ముక్కల్ని బ్రష్‌తో దగ్గరికి జరిపి, సాఫ్టర్ వేసి, ఆరాక సందులో సరిపోయే రంగుని సన్నటి బ్రష్‌తో తాకిస్తే కన్నుకి దొరకదు.

పై కోటు, చివర అద్దం

డెకాళ్లు ఒక రోజు ఆరాక తడి కాటన్‌తో చుట్టూ తుడవాలి. మిగిలిపోయిన జిగురు మరకలు పై కోటు కింద గోధుమరంగు చారలై కనిపిస్తాయి. తర్వాత మళ్లీ గ్లాసీ. లాకర్ క్లియర్ వాడితే మొదటి రెండు కోట్లు పొడి తుంపరలుగానే పడాలి, తడిగా పడితే డెకాల్ ముడుచుకుంటుంది. ఆపైన వాష్, చివర మ్యాట్. మ్యాట్ సీసాలో నునుపుని చంపే పొడి అడుగున పేరుకుంటుంది. సరిగ్గా కలపకుండా కొట్టినా, మందంగా కొట్టినా ముదురు రంగుల మీద తెల్లటి పొగమంచు కమ్ముతుంది. దీనికి మందు గ్లాసీ కోటే. పొగమంచు అంటే మళ్లీ మిట్టలు పల్లాలే కదా, గ్లాసీ వాటిని నింపగానే రంగు తిరిగొస్తుంది. ఆరాక మ్యాట్‌ని ఈసారి పలచగా కొట్టాలి.

కాక్‌పిట్ అద్దాన్ని ఫెవిక్విక్‌తో అంటించకూడదు. దాని ఆవిరి లోపలి నుంచి తెల్లగా పేరుకుంటుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు సన్నటి చారగా చాలు, ఆరితే కనిపించదు, అవసరమైతే ఊడదీయవచ్చు. అద్దం మీద గీత పడితే 2000 పేపరుతో నీళ్లు పెట్టి రుద్ది, కారు రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టి, గ్లాసీ అక్రిలిక్‌లో ముంచి తీస్తే తేటపడుతుంది. అద్దం చట్రానికి ముందు లోపలి రంగు, తర్వాత బయటి రంగు. అప్పుడు లోపలి నుంచి చూసినా చట్రం సరైన రంగులోనే ఉంటుంది. అద్దానికి రంగు అంటకుండా వేసిన టేపు మాస్కులు మ్యాట్ కోటు ఆరిన రోజే తీసేయాలి. నెలల తరబడి వదిలేస్తే టేపు జిగురు అద్దానికి దిగుతుంది. తీసేటప్పుడు ముందు చట్రం అంచు వెంబడి బ్లేడు కొనతో ఒక్కసారి లాగాలి, లేకపోతే టేపుతో పాటు రంగు అంచు పళ్లుపళ్లుగా లేస్తుంది. మిగిలిన జిగట టర్పెంటైన్ తగిలీ తగలని కాటన్ బడ్‌తో పోతుంది.